మక్కరొట్టెకు సున్నం, జొన్నరొట్టెకు పాలు
(కొత్తకోటలో జరిగిన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మేము మాట్లాడడానికి లేచినామంటే ఆడిట్ అభ్యంతరాలు, వాటాధనం, బాకీలు, వెన్న శాతం రిజిస్టరు తప్ప మరొకటి రాదని మీ అందరికీ తెలుసు. వెనుక వరుసలో కొందరు చెప్పులు వెతుక్కుంటున్నది కూడా ఇక్కడికి కనబడుతూనే ఉన్నది. కూర్చోండి. ఆ విషయాలు కార్యదర్శులకు విడిగా చెబుతాము. కొంతకాలంగా సంఘాల తనిఖీకి వెళ్లిన ప్రతి చోట మహిళా సభ్యులు మమ్ములను ఒక చిత్రమైన ప్రశ్న అడుగుతున్నారు. "సారూ, మా పిల్లలు హైదరాబాదుల మెక్సికో తిండి అని తింటున్నరట. రొట్టెల కూర చుట్టి ఇస్తే అంతంత పైసలంట. అది ఏంది? మన ఇంట్ల చేయరాదా?" అని. కొడుకు బెంగుళూరులో ఉన్న ఒక అక్క, కూతురు అమెరికాలో ఉన్న ఒక అమ్మ, ఇద్దరూ ఇదే అడిగారు. మేము చదివినది సహకార డిప్లొమా, వంటశాస్త్రం కాదు. అయినా అడిగినదానికి జవాబు చెప్పకుండా పోవడం మర్యాద కాదు కనుక కొంత చదివి, కొంత మా ఇంట్లో చేయించి చూసి, తెలిసినంత చెబుతాము. ఇందులో మన పాల సంగతి కూడా ఉన్నది. అది చెప్పడమే మా అసలు ఉద్దేశం.

మొదట మెక్సికో అంటే ఎక్కడో కాదు, మీ వంటింట్లోనే ఉన్నది. మక్కజొన్న ఆ దేశపు పంట. సుమారు 9,000 సంవత్సరాల క్రితం దక్షిణ మెక్సికోలోని బాల్సాస్ నదీ లోయలో తియోసింతే అనే ఒక గడ్డిని అక్కడి రైతులు తరతరాలుగా ఏరి, విత్తి, కంకిగా మార్చినారు. మనం రోజూ తినే మిరపకాయ ఆ దేశపు రైతులు సాగులోకి తెచ్చినదే. టమాట, బొప్పాయి, జామ, రాజ్మా కూడా అమెరికా ఖండాల నుండే వచ్చినవి. బతుకమ్మలో పేర్చే బంతిపువ్వు సైతం అక్కడిదే. నవంబరు 1, 2 తేదీలలో చనిపోయిన పెద్దలను తలచుకుంటూ వాళ్లు ఇండ్ల ముందు, సమాధుల మీద ఆ బంతిపూలనే పరుస్తారు. 1498లో పోర్చుగీసువారు కాలికట్ తీరానికి వచ్చినారు, 1510లో గోవా పట్టుకున్నారు. ఆ శతాబ్దంలోనే వాళ్ల ఓడల మీద మిరపకాయ మన దేశంలో దిగింది. అంతకు ముందు మనవాళ్లకు కారమంటే మిరియాలే.

అయితే వాళ్ల దగ్గర లేనిది ఒకటి ఉండేది. పాలు. 1519లో స్పెయిన్ సైన్యం అడుగుపెట్టే నాటికి మెక్సికోలో ఆవు లేదు, బర్రె లేదు, మేక లేదు. పాలు పితకడమనే మాటే లేదు. స్పెయిన్ వారు పశువులను ఓడల మీద తీసుకుపోయిన తరువాతనే అక్కడ పాలు, మీగడ, చీజు పుట్టినాయి. మన పాడివారికి సంతోషం కలిగించే మాట ఇంకొకటి. 1950 ప్రాంతంలో ఉత్తర మెక్సికోలోని లగూనా ప్రాంతపు పాడి రైతులు కలిసి సొంతంగా పాలు శుద్ధి చేసే కర్మాగారం పెట్టుకున్నారు. అది పెరిగి పెరిగి ఇప్పుడు లాలా అనే పెద్ద కంపెనీ అయింది. సంఘంగా మొదలై కంపెనీగా మారడం మంచిదా కాదా అనే చర్చ మరొక రోజు పెట్టుకుందాము.

ఇక తిండి. వాళ్ల ప్రధానమైన ఆహారం మక్కరొట్టె. దానిని తోర్తియా అంటారు. పలుచగా, అరచేతికంటే కొంచెం పెద్దదిగా ఉంటుంది. దానిలో కూర పెట్టి మడిస్తే టాకో. అంతే, ఇంకేమీ కాదు. మన తల్లులు జొన్నరొట్టెలో ఎల్లిపాయ కారం, ఇంత వెన్న పెట్టి చుట్టి పొలానికి పంపిన దానికి పేరు పెట్టి అమ్మలేదు, వాళ్లు పెట్టి అమ్ముతున్నారు. బరిటో అనేది గోధుమరొట్టెతో చేసేది. గోధుమ స్పెయిన్ వారు తెచ్చినది, ఉత్తర మెక్సికోలో దాని వాడకం ఎక్కువ. నాచోలు అనేవి పాతవి కూడా కావు. 1943లో సరిహద్దు పట్టణమైన పియెద్రాస్ నెగ్రాస్‌లో ఇగ్నాసియో అనయా అనే హోటలు ఉద్యోగి వేయించిన రొట్టె ముక్కల మీద చీజు, మిరపకాయలు వేసి పెట్టినాడు. ఆయన ముద్దుపేరు నాచో. అదే పేరయింది.

"మరి మన దుకాణంల దొరికే మక్కపిండితో తోర్తియా అయితదా?" అని అడిగారు. కాదు. పొడి మక్కపిండిని వేడి నీళ్లతో కలిపి జొన్నరొట్టె లాగ తట్టుకోవచ్చు. అది మక్కరొట్టె, బాగానే ఉంటుంది, కాని మడిస్తే విరుగుతుంది. కార్న్‌ఫ్లోర్ అని తెల్లగా అమ్మేది అసలే పనికిరాదు, అది గంజిపొడి మాత్రమే. తోర్తియా మడిచినా విరగకుండా ఉండడానికి కారణం సున్నం. అవును, మీరు తమలపాకుకు రాసుకునే సున్నమే.

విధానం వినండి. ఒక కిలో ఎండిన మక్కలను చెత్త లేకుండా ఏరి కడగండి. తెల్ల మక్కలు దొరికితే మంచిది, లేకపోతే మన పచ్చ మక్కలే చాలు. స్టీలు గిన్నెలో గాని మట్టికుండలో గాని మూడు లీటర్ల నీళ్లు పోసి, దానిలో పొడి సున్నం అయితే 10 గ్రాములు, అంటే రెండు మూడు చిన్న చెంచాలు కలపండి. తమలపాకు సున్నం ముద్దగా ఉంటుంది, దానిలో నీరు ఉంటుంది కనుక దాదాపు రెట్టింపు పడుతుంది. మక్కలు వేసి సన్నని మంట మీద ముప్పావు గంట వరకు ఉడికించండి. గింజను వేళ్ల మధ్య రుద్దితే పొట్టు జారిపోవాలి. గింజ మెత్తగా అన్నంలాగ ఉడకకూడదు. దించి మూత పెట్టి రాత్రంతా అట్లే ఉంచండి. తెల్లారి ఆ పచ్చని నీళ్లు పారబోసి, గింజలను రెండు మూడు నీళ్లలో రుద్ది కడిగితే పొట్టు తేలిపోతుంది. ఇప్పుడు ఆ గింజలను రుబ్బాలి. వెట్ గ్రైండర్ ఉంటే సులువు. మిక్సీలో అయితే కొద్దికొద్దిగా వేసి, చెంచాడు చెంచాడు నీళ్లు చిలకరించి రుబ్బండి. నీళ్లు ఎక్కువ పోస్తే దోసె పిండి అవుతుంది. అట్లా అయితే కొంచెం పొడి మక్కపిండి కలిపి సరిచేసుకోవచ్చు. వాళ్లు మెతాతే అనే రాతి మీద రుబ్బేవారు. మన సన్నికల్లుకు అది అక్కచెల్లెలు.

పిండిని నిమ్మకాయంత ఉండలు చేసి, కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్ కవరును కత్తిరించి రెండు పొరల మధ్య పెట్టి, పీట గాని పళ్లెం గాని పెట్టి అదమండి. గుండ్రంగా పలుచగా వస్తుంది. బాగా కాలిన పెంక మీద వేసి అర నిమిషానికి తిప్పండి, మరొక నిమిషం ఉంచి మళ్లీ తిప్పండి, పొంగుతుంది. తీసి మెత్తటి బట్టలో చుట్టి పెట్టాలి. ఆరబెడితే అప్పడం అవుతుంది.

సున్నం విషయంలో జాగ్రత్తలు చెప్పకుండా పోతే మా మీద నింద వస్తుంది. గోడలకు వేసే సున్నం వాడరాదు, తినే సున్నమే వాడాలి. అల్యూమినియం గిన్నె వాడరాదు, సున్నపు నీళ్లు దానిని తినేస్తాయి. కంట్లో పడనీయరాదు. చెప్పిన కొలత దాటితే రొట్టె సబ్బు వాసన వస్తుంది. "సున్నం తింటే కడుపు పాడు కాదా సారూ?" అని ఒక పెద్దమ్మ అడిగింది. ఉడికించి, నానబెట్టి, కడిగిన తరువాత గింజలో మిగిలేది కొద్దిపాటి సున్నమే. అది ఎముకలకు కావలసిన కాల్షియమే. మెక్సికోలో వేల సంవత్సరాలుగా పిల్లా పెద్దా అదే తింటున్నారు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వచ్చినాము. వాళ్లు ఇంత కష్టపడి సున్నం ఎందుకు వేస్తారు? పొట్టు పోవడానికి, పిండి సాగడానికి అని వాళ్ల అవ్వలు చెబుతారు. దాని అసలు లాభం మాత్రం సున్నం వేయనివారికి రోగం వచ్చిన తరువాతనే లోకానికి తెలిసింది. మక్కలు ఓడలెక్కి యూరోపుకు పోయినాయి గాని సున్నం పద్ధతి వాటి వెంట పోలేదు. పేదవాళ్లు మక్క గట్క ఒక్కటే తిని బతికిన ప్రాంతాలలో ఒక కొత్త రోగం పుట్టింది. ఎండ తగిలే చోట, అంటే మెడ, చేతులు, పాదాల మీద చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. తరువాత విరేచనాలు, ఆ తరువాత మతి చలించడం, చివరకు చావు. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు దీనిని గుర్తించినాడు. పెల్లాగ్రా అనే పేరు ఇటలీలో వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఇది వేలాది మందిని తీసుకుపోయింది. అంటురోగమని అందరూ భయపడ్డారు. 1914లో ప్రభుత్వం పంపిన జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుడు అనాథాశ్రమాలలో పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం పెట్టించి చూసినాడు. రోగం పోయింది. మందు కాదు, తిండి. 1937లో ఆ లోపించిన పదార్థం నియాసిన్ అనే విటమిన్ అని తేలింది. మక్కలలో అది ఉన్నది గాని మన పేగులకు అందకుండా బిగిసి ఉంటుంది. సున్నపు నీళ్లలో ఉడికితే విడివడుతుంది.

ఇదంతా పరాయి దేశపు ముచ్చట కదా అనుకోకండి. పెల్లాగ్రా మన దక్కనులో కూడా ఉండింది, మక్కల వల్ల కాదు, జొన్నల వల్ల. జొన్న గట్క, జొన్నరొట్టె తప్ప మరొకటి లేని పేద ఇండ్లలో అది వచ్చేది. మన హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయం, ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అంటున్నాము, ఈ రోగాన్ని చాలా కాలం పరిశీలించింది. డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ శ్రీకంఠయ్య 1960లో జొన్నలో ల్యూసిన్ అనే మాంసకృత్తు భాగం ఎక్కువగా ఉండడం కారణమని ప్రతిపాదించినారు. ఆ కారణం మీద తరువాత శాస్త్రవేత్తల మధ్య వాదోపవాదాలు జరిగినాయి. జొన్న ఒక్కటే తిని, పప్పు, పాలు, మాంసం లేని తిండి మనిషిని ఆ స్థితికి తెస్తుందనే విషయంలో మాత్రం వాదం లేదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చిన తరువాత జొన్న వాడకం తగ్గింది. ఇప్పుడు షుగరు వచ్చినవాళ్లు, బరువు తగ్గాలనుకునేవాళ్లు మళ్లీ జొన్నరొట్టెకు వస్తున్నారు. రావడం మంచిదే. జొన్న చెడ్డది కాదు, ఒంటరి జొన్న చెడ్డది.

ఇక్కడ పాల లెక్క చూడండి. పాలలో ట్రిప్టోఫాన్ అనే మాంసకృత్తు భాగం ఉన్నది. మన శరీరం సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుండి ఒక మిల్లీగ్రాము నియాసిన్ తయారు చేసుకుంటుంది. గోల్డ్‌బర్గర్ పిల్లలకు పాలు పెడితే రోగం పోయింది ఇందుకే. మెక్సికో వాళ్లకు పాలు లేవు గనుక సున్నం, రాజ్మా పట్టుకున్నారు. మనకు పాలు ఉన్నాయి. మరి ఇంట్లో ఉన్నాయా? ఈ ప్రశ్న అడగడానికే మేము ఇంత దూరం నడిపించినాము. సంఘంలో పోసిన ప్రతి లీటరుకు రిజిస్టరులో గడి ఉన్నది. వెన్న శాతానికి గడి ఉన్నది. ఇంట్లో పిల్లలు తాగిన పాలకు ఏ రిజిస్టరులోనూ గడి లేదు, మేము తనిఖీ చేసేది కూడా లేదు. కొన్ని ఇండ్లలో రెండు బర్రెలు పాలిస్తున్నా చిన్నపిల్లకు చాయలో కలిసేటన్ని పాలే మిగులుతాయి. బిల్లు పెంచుకుందామనే ఆశ మాకు తెలియనిది కాదు. దాణా అప్పు, డాక్టరు ఖర్చు, అన్నీ ఆ బిల్లులో నుండే పోవాలి. అయినా జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు 300 మిల్లీలీటర్ల పాలు గాని పెరుగు గాని కావాలని చెబుతున్నది. అంత కుదరకపోయినా, సంఘానికి పోయకముందే పిల్లలకు, గర్భిణులకు, ముసలివాళ్లకు ఒక గ్లాసు తీసి పక్కన పెట్టండి. పోసిన తరువాత మిగిలితే చూద్దామంటే మిగలవు. మా శాఖలో ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ. సేకరణ తగ్గుతుందని భయం. ఇంటికొక గ్లాసుతో సేకరణ కూలిపోయే సంఘం మేము ఇంతవరకు చూడలేదు.

ఇక రొట్టెలో పెట్టే వాటి సంగతి. మెక్సికో ఇంట్లో రోజూ ఉండేది ఉడికించిన గింజలు, అంటే మన గుడాలే. రాజ్మా గాని బొబ్బర్లు గాని రాత్రి నానబెట్టి, నీళ్లు మార్చి, ఉల్లిగడ్డ ముక్క వేసి మెత్తగా ఉడికించండి. రాజ్మా అయితే పలుకు లేకుండా తెర్లుతూ ఉడకాలి, సగం ఉడికినవి తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. సగం గింజలు మెదిపి, కొద్ది నూనెలో ఉల్లిగడ్డతో వేయించి ఉప్పు వేస్తే రొట్టెలో రాసుకోవడానికి సిద్ధం. వాళ్ల సల్సా మన టమాట తొక్కే. టమాటలు, పచ్చిమిరపకాయలు, ఎల్లిపాయ పెంక మీద నల్లమచ్చలు వచ్చేదాకా కాల్చి, రోట్లో ఉప్పుతో దంచి, పచ్చి ఉల్లిగడ్డ, కొత్తిమీర కలపాలి. పోపు వేయరు, పసుపు వేయరు. మన మిరపకాయలు ఘాటు కనుక చేయి వెనక్కి పెట్టండి. చింతపండు వాళ్లకు తరువాత చేరింది, దానితో షర్బతు చేసుకుంటారు. మోలే అనే పులుసు మాత్రం వినదగ్గది. ఎండుమిరపకాయలు, నువ్వులు, పల్లీలు వేయించి నూరి, కొన్ని చోట్ల చాక్లెట్ కూడా వేసి చిక్కగా కాస్తారు. చాక్లెట్ తీసేస్తే హైదరాబాదు బగారా బైంగన్ చుట్టమే. పల్లీలు పండించే మన ప్రాంతం వారికి అది కష్టం కాదు.

రొట్టె మీద చల్లేది కేసో ఫ్రెస్కో అనే తాజా చీజు. స్కూలు పుస్తకాలలో చీజు అంటే జున్ను అని రాస్తారు. మన జున్ను వేరు, అది ముర్రుపాలది. ఆ మాట వచ్చింది కనుక చెబుతున్నాము, ఈనిన తొలి రోజుల ముర్రుపాలు సంఘంలో పోయవద్దు. కాచగానే విరిగి క్యాను మొత్తం పోతుంది. ముందు దూడకు తాగించండి, తరువాత మీరు తినండి. మెక్సికో చీజును తోడుకు రెన్నెట్ అనే పదార్థం వేసి విరగగొడతారు. మనకు అది అక్కరలేదు, పన్నీరు చాలు. రెండూ వేడికి కరిగేవి కావు, పొడి పొడిగా రాలుతాయి. ఒక లీటరు బర్రె పాలు పొంగు రాగానే దించి, రెండు నిమిషాలు ఆగి, నిమ్మరసంలో అంతే నీళ్లు కలిపి కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. తేట పచ్చగా విడిపోగానే ఆపాలి, ఎక్కువ పోస్తే పుల్లన, రబ్బరు అవుతుంది. బట్టలో వడగట్టి చల్లనీళ్లు పోసి, రాయి కింద పావుగంట ఉంచితే 200 గ్రాముల వరకు వస్తుంది. ఆవుపాలైతే 150కి అటూ ఇటూ. ఉప్పు కలిపి చిదిమితే కేసో పని చేస్తుంది. తేటను పారబోయకండి, జొన్నపిండి కలుపుకోవచ్చు, అంబలిలో పోసుకోవచ్చు. వాళ్లు రొట్టె మీద వేసే క్రేమాకు బదులు మీగడ పెరుగు చిలికి వేయండి, మన బర్రె మీగడ ముందు అది దిగదుడుపే.

మక్కలు కొనేటప్పుడు ఒక సంగతి చూసుకోండి. బూజు పట్టినవి, నల్లబడినవి ఉడికించినా సున్నం వేసినా తినరాదు. అట్లాంటివి బర్రెలకు వేస్తే సరిపోతుందనుకుంటారు. బూజులోని అఫ్లటాక్సిన్ విషం పశువు తింటే కొంత మారి పాలలోకే వస్తుంది. పల్లిచెక్కకు కూడా ఇదే మాట.

చివరిగా రెండు మూడు సంఘాల మహిళలు అడిగినది, పన్నీరు చేసి హైవే మీద హోటళ్లకు అమ్మవచ్చునా అని. ఇంట్లో మీ పాలతో చేసి మీరు తినడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అమ్మాలంటే ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. సంఘం పేరు మీద చేయాలంటే ముందు ఉపవిధులలో ఆ పని ఉన్నదో లేదో చూడాలి, సర్వసభ్య సమావేశంలో తీర్మానం కావాలి, వేరే లెక్కల పుస్తకం పెట్టాలి. సంఘానికి సేకరించిన పాలను మధ్యలో తీసి పన్నీరు చేస్తే మాత్రం మేము వంటవాళ్లుగా కాదు, ఇన్‌స్పెక్టరుగానే రావలసి ఉంటుంది. ఉపవిధుల ప్రతి ప్రతి సంఘంలో ఉండాలి. లేనివారు ఈ రోజే కార్యదర్శి గారి ద్వారా రాసి ఇస్తే తెప్పించి ఇస్తాము.